కంథాగోష్ఠీ విధానము

జీర్ణించిన చీరలను నాలుగైదు పొరలుగా పరచి, పైన ఒకింత పటుత్వము గల చీరను కప్పి, సూది దిగుచు లేచుచు పోవు సాదాకుట్టుతో అంచునుండి నడుమకు కుట్టుకొని వచ్చినచో బొంత యగునని మన అవ్వలు నమ్మియుండిరి. దానికి వలసిన ద్రవ్యము ఇంటిలోనే యుండుటచేతను, దాని ప్రయోజనము చలిని వారించుట యొక్కటియే యగుటచేతను, పాపము, వారికి అందలి వినోదము బోధపడలేదు. వంగదేశమున కాంథా యనియు, మహారాష్ట్రమున గోధడి యనియు, కన్నడసీమలో కౌది యనియు పిలువబడు ఈ వస్తువు ఎల్లెడలను పేదరికమునకు పుట్టి పొదుపు చేతిలో పెరిగినదే. అంతకు ఎంతో పూర్వము బౌద్ధభిక్షువులు లోకులు పారవేసిన పేలికలను ఏరి కుట్టుకొని ధరించిరి. మగధదేశపు పొలములను, వాని నడుమ గట్లను చూపి, ఆ పొందికలో చీవరమును కుట్టవలెనని బుద్ధుడు ఆనందునితో చెప్పినట్లు వినయపిటకమున కలదు. సర్వమును త్యజించినవాని కట్టుబట్టయైన ఈ యతుకులగుడ్డ, నేడు సర్వమును కొని బీరువాలలో దాచుకొనుటకు హేతువగు వ్యసనముగా పరిణమించినది గనుక, ఆ వ్యసనమును మిత్రసహితముగా అనుభవించు విధానమును క్రమముగా నిరూపించెదను.

మొదటిది మిత్రనిర్ణయము. కుట్టుపనిలో మిక్కిలి సమర్థురాలగు వనితను గోష్ఠిలో చేర్చుకొనుట ప్రమాదము. ఆమె మధ్యాహ్నమున కూర్చుండి సంధ్యవేళకు బొంతను ముగించివేయును, మరునాడు మరల కలిసికొనుటకు మీకు నెపమేమి మిగులును? పెద్ద హాలు గల యామె యొకతె, కాఫీ చక్కగా కాచు నామె యొకతె, ఊరివారి బంధుత్వములన్నియు కంఠస్థమైన యామె యొకతె ఉండవలెను. సూదిలో దారమెక్కించుటకు చూపు చక్కనిదగు కోడలి నొకతెను ఎవరైనను వెంట తెచ్చినచో మేలు. కాని సంభాషణ రుచికరమగు ఘట్టమున ఆమెను ఏదో పనిమీద లోపలికి పంపుట మరువరాదు.

రెండవది వస్త్రసేకరణము. ఇంటనున్న ప్రాతబట్టలతో బొంత కుట్టుట అభిరుచి గలవారికి తగిన పని కాదు. గోష్ఠి యంతయు కలసి సికింద్రాబాదు జనరల్ బజారునకో, విజయవాడ వస్త్రలతకో బయలుదేరవలెను. ఎవరైనను "ఇక చాలునక్కయ్యా, ఇంటిలో ఇదివరకే పెట్టె నిండియున్నది" అన్నచో, తక్కినవారందరును ఏకకంఠముగా "ఈ రంగు మరల దొరకునా?" అని ప్రశ్నింపవలెను, ఈ ప్రశ్నకు నేటివరకు ఏ బొంతగత్తెయు ప్రత్యుత్తర మీయజాలలేదు. అమెరికాలో ఈ సోదరీమణుల సౌకర్యార్థము 18 అంగుళముల వెడల్పు, 22 అంగుళముల పొడవు గల ముక్కలను ఫ్యాట్ క్వార్టర్ అను పేర ముందుగనే కోసి అమ్ముచున్నారు. అందుచేత అక్కడివారికి తామే కోయు శ్రమలో కొంత తగ్గినదిగాని, కొను శ్రమ మాత్రము మిక్కిలి పెరిగినది. అఖండమైన నూతనవస్త్రమును వెలయిచ్చి తెచ్చి, దానిని ఖండఖండములుగా కోసి, ఆ ఖండములనే మరల సంధించి, తుదకు కొన్ననాటి వెడల్పుకంటె కొంచెము తక్కువగా సాధించుటయే ఈ కళయొక్క పరమరహస్యము. ఇంటివారు ధర అడిగినచో "మిగులు ముక్కలు" అని చెప్పవలెను. అది అసత్యము కాదు. కోసిన తరువాత మిగులునవి ముక్కలే కదా!

మూడవది ఖండవినిమయము. ప్రతిసభ్యురాలును కొన్ని ముక్కలు తెచ్చి తక్కినవారికి పంచవలెను. ఒక్కొక్క ముక్కకు దాని చరిత్రను జోడింపవలెను. ఇది మా చిన్నాడపడుచు సీమంతమునాటి మంగళగిరి చీర, ఇది మా మామగారి షష్టిపూర్తికి తీసిన పంచెకొంగు అని చెప్పుచు పోగా, అరచేయి మేర ముక్కకు ఒక పూట సుఖముగా గడచును. ఇందొక విపత్తు కలదు. మీకు పెట్టిన వేంకటగిరి చీరను మీరు ఒక్కనాడును కట్టిన పాపమున పోలేదని, అది చతురస్రములై చాపమీద కనబడిన క్షణముననే పెట్టిన యామె గ్రహించును. అప్పుడు తడబడక, "వదినగారూ, కట్టుకొన్నచో చినిగిపోవునని మనసొప్పక, బొంతలో శాశ్వతముగా నిలుపుచున్నాను" అని వినయముగా పలుకుడు. ఆమె నమ్మదు, కాని, మీరు పెట్టిన చీర ఆమె యింట ఏ గతి పట్టినదో ఆమెకును తెలియును గనుక, ఊరకుండును.

నాలుగవది చేతులు మారు బొంత. ఒకతె నడిమి భాగమును కుట్టి పొరుగామెకు పంపును. ఆమె చుట్టును ఒక అంచు కలిపి మరియొకతెకు పంపును. నడుమ లేతనీలము ఉన్నచో దాని సరసన చిలుకపచ్చను చేర్చుట స్నేహధర్మము. ఇల్లిల్లు తిరిగి వచ్చిన తన బొంతను తాను గుర్తింపలేక నిలిచిన యామె, "ఎంత చక్కగా కుదిరినది!" అని కన్నులు చెమర్చునట్లు పలుకవలెను. ఆ చెమ్మకు కారణమును ఎవరును అడుగరాదు.

ఐదవది సహసీవనము, విధానమంతటికిని ప్రాణ మిదియే. నలుగురు నాలుగు మూలల కూర్చుండి కుట్టుచుండగా, ఐదవయామె రాకున్నచో పని బహుసొంపుగా సాగును. ఏలయన, అప్పుడు మాటలాడుటకు విషయము లభించును. బొంతను వెలుతురులో పట్టి చూచువారికి ఆనాటి సంభాషణ యంతయు చదువవచ్చును: కుట్లు సన్నముగా నున్నచోట ఊరగాయల ప్రసక్తి, బారుగా నున్నచోట కోడండ్ర ప్రసక్తి, దారము తెగినచోట ఆ ఐదవయామె వాకిట ప్రవేశించినది. నడునడుమ అంగుళిత్రాణము కనబడుట లేదని అందరును లేచి వెదకుట ఆరోగ్యకరము. అది ఎప్పుడును ఎవరో ఒకరి వ్రేలికే యుండును. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు, కవంది యను తమ బొంతకు నాలుగు మూలలను మడతలు పెట్టిన చిన్న గుడ్డపువ్వులను కుట్టనిదే అది పూర్తి కాలేదని భావింతురు. మీరును ఈ సదాచారమును స్వీకరించి, మూడు మూలలు ముగించి, నాలుగవదానిని శుభముహూర్తమునకై నిలిపి ఉంచుడు.

ఆరవది ప్రదర్శనము. అలబామా నది వంపులోనున్న జీస్ బెండ్ అను పల్లెలో, బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు, పొలములో అరిగిపోయిన పనిబట్టలను కోసి, బిడ్డలను చలినుండి కాపాడుటకు బొంతలు కుట్టిరి. ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ చిత్రశాల గోడల కెక్కి, పిమ్మట న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునకు పోయి, 2006లో అమెరికా తపాలాబిళ్లల మీదను నిలిచినవి. దీనినుండి మనము గ్రహింపవలసిన దేమనగా, ఆ దారిద్ర్యము, ఆ శ్రమ, ఆ నైపుణ్యము మనకు లేకున్నను, గోడ మనకును కలదు. కావున మీ బొంతను గోడకు వ్రేలాడదీసి, వచ్చినవారికి చూపి, పసివాడెవడైనను దానిని లాగి కప్పుకొనబోయినచో గట్టిగా మందలింపుడు.

అవ్వలు కుట్టిన బొంతలు చినిగిపోయినవి. ఏలయన వానిని కప్పుకొనిరి. గోష్ఠులలో కుట్టిన బొంతలు చినుగవు. అందులో పెక్కు పూర్తియే కావు. ఇట్టి అక్షయవస్తువును నిర్మింపగోరువారు కాలయాపన చేయక ఈ కార్తికముననే మిత్రులను పిలిచి చాప పరువవలెను. చలి మాటకు చింతింపవలదు. సోలాపూరు దుప్పట్లు బజారులో కావలసినన్ని దొరకుచున్నవి.