మూడో అంకె చూసి కొనండి

రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 5600యూ. ఈ రెండు ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లను పక్కపక్కన పెట్టి ఏది కొత్తదో చెప్పమంటే మూడో తరగతి పిల్లాడైనా మొదటిదే చూపిస్తాడు. ఏడువేలు అయిదువేల కన్నా పెద్దదని వాడికి బళ్లో చెప్పారు. కానీ మొదటిదానిలో ఉన్నవి 2019లో బయటికొచ్చిన జెన్ 2 కోర్లు, అవీ నాలుగే. రెండోదానిలో 2020 నాటి జెన్ 3 కోర్లు ఆరున్నాయి. వీటిని తయారుచేసే ఏఎమ్‌డీ వారినడిగితే తప్పు పిల్లాడిదే అంటారు. తమ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల పేర్లను ఎలా చదువుకోవాలో 2022 సెప్టెంబరులో వారు స్వయంగా సెలవిచ్చారు మరి. మొదటి అంకె అమ్మకపు సంవత్సరం, రెండోది హోదా, మూడోది కోరు ఏ తరానిదో, నాలుగోది ఆ హోదాలోనే కాస్త ఎక్కువా తక్కువా అన్నది, చివరి అక్షరం కరెంటు వాడకం. ఆ లెక్కన 7520, 7530, 7540 వరుసగా జెన్ 2, జెన్ 3, జెన్ 4. వేల స్థానంలో రెండు పెరిగినా తరం వెనక్కి పోవచ్చు, పదుల స్థానంలో ఒకటి పెరిగితే మాత్రం తరమే మారిపోతుంది. దశాంశ స్థానవిలువలు ప్రపంచానికి ఇచ్చిన దేశానికి వచ్చి ఈ సరుకు అమ్మడానికి గుండె ధైర్యం కావాలి.

దీన్ని గందరగోళం అనడం మర్యాద కోసమే. గందరగోళమైతే అప్పుడప్పుడైనా కొనేవాడికి కలిసిరావాలి కదా; పాత సరుకు పొరపాటున ఇంకా పాతగా కనిపించిన సందర్భం ఒక్కటైనా ఉండాలి. అలా జరగదు. పొరపాటు ఎప్పుడూ ముందుకే దొర్లుతుంది. అమ్మకానికి పనికొచ్చే సంవత్సరం మొదట నిలబడుతుంది, కొనేవాడికి పనికొచ్చే తరం మూడో స్థానంలో నక్కుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీలకు ఏటా కొత్త అంకె కావాలి, కార్ఖానా ఏటా కొత్త కోరు ఇవ్వలేదు. అందుకని క్యాలెండరే కోరు అవతారమెత్తింది. 2023 డిసెంబరులో పోటీ కంపెనీ ఇంటెల్‌కు ఈ అన్యాయం మీద ధర్మాగ్రహం వచ్చింది. పాత కోర్లకు కొత్త పేర్లు పెట్టి అమ్ముతున్నారంటూ, నకిలీ మందులు అమ్మేవాడి బొమ్మతో సహా, ఏఎమ్‌డీ మీద ఒక ప్రదర్శన తయారుచేసి బయటపెట్టింది, తర్వాత తీసేసింది. ఆరోపణలో అబద్ధం లేదు. అయితే అంతకు రెండు నెలల ముందే ఇంటెల్ 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దింపింది. ఐ5-14600కేలో పధ్నాలుగు కోర్లు. దాని ముందు తరం 13600కేలోనూ పధ్నాలుగే, అదే నిర్మాణం, వేగం మాత్రం పిసరంత ఎక్కువ. ఆరోపణ చేసిన మరుసటి నెలలో రాప్టర్ లేక్ అనే ఆ కోర్లే ల్యాప్‌టాప్‌ల కోసం కోర్ 7 150యూ అని ఇంకో నామకరణం చేయించుకున్నాయి. ఐ7 అంటే ఐ5 కన్నా మేలన్న నమ్మకానికీ ఇదే గతి. 2016లో వచ్చిన ల్యాప్‌టాప్ ఐ7-7500యూలో రెండే కోర్లు, ఆ తరం డెస్క్‌టాప్ ఐ5-7500లో నాలుగు.

కంపెనీల తరఫున వాదించేవారు లేకపోలేదు. వందల రకాలున్నప్పుడు ఒక్క పేరులో అన్నీ ఎలా ఇమడతాయి, పైగా చదివే పద్ధతి ప్రకటించాం కదా అంటారు. ప్రకటించిన మాట నిజం. ఆ పద్ధతి వంటబట్టినవాళ్లకు రెండేళ్ల ముచ్చటైనా తీరకుండానే, 2024లో రైజెన్ ఏఐ 300 అంటూ ఏఎమ్‌డీ వారే దాన్ని పక్కన పెట్టేశారన్నదీ నిజం. పాత కోరైతే నష్టమేమిటి, ఉత్తరాలు రాసుకోవడానికీ ఆన్‌లైన్ పాఠాలకూ జెన్ 2 చాలదా అన్నది రెండో వాదన. చాలు. 7520యూలో చిప్పు కొత్తదే, గ్రాఫిక్స్ కొత్తవే, చౌక ల్యాప్‌టాప్‌కు అది మంచి సరుకేనని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మన ఊళ్లలో పాత బియ్యం అమ్మేవాడు పాతవని గట్టిగా చెప్పి మరీ పైసలు ఎక్కువ తీసుకుంటాడు. సరుకు మీద నమ్మకముంటే వయసు దాచాల్సిన పనేమిటి?

పేర్ల సంగతి ఇలా ఉంటే, ఏ బోర్డులో ఏ ప్రాసెసర్ ఇముడుతుందన్న పొందిక సంగతి ఇంకా ముదురు. ప్రాసెసర్ కూర్చునే ఇంటెల్ సాకెట్లు 1156, 1155, 1150 అంటూ మారిన రోజుల్లో, 2009 నుంచి 2013 దాకా, జనం విసుక్కున్నారు. కానీ అవి నిజాయతీ గల సాకెట్లు. సరిపడని ప్రాసెసర్ వాటిలో కూర్చునేది కాదు, అక్కడికి విషయం తేలిపోయేది. 2017లో ఆ నిజాయతీ కూడా పోయింది. ఆ ఏడాది జనవరిలో జెడ్270 మదర్‌బోర్డు కొన్నవాడికి అక్టోబరులో 8వ తరం ప్రాసెసర్ వచ్చింది. సాకెట్ పేరు అదే 1151, ఆకారం అదే. చక్కగా కూర్చుంటుంది, పనిచేయదు. కొత్త తరపు ఆరు కోర్లకు కరెంటు ఎక్కువ కావాలి, అందుకు పిన్నుల అమరిక మార్చామని ఇంటెల్ చెప్పింది. అది సాకే అని కొట్టేయలేం, ఇంజినీరింగ్ అవసరాలు ఉంటాయి. అయితే కొందరు ఔత్సాహికులు బోర్డును లేపే సాఫ్ట్‌వేరైన బయోస్‌ను మార్చి, ఒకట్రెండు పిన్నులకు మరమ్మతు చేసి, పాత బోర్డుల మీదే 8వ తరాన్ని నడిపి చూపించారు. పోనీ, అమరిక నిజంగానే మారిందనుకుందాం. అప్పుడు పేరూ మారాలిగా? అంకెలకు కరువొచ్చిన కంపెనీ కాదది.

ఏఎమ్‌డీ ఇక్కడ కొంత నయం. ఏఎమ్4 సాకెట్‌ను ఏళ్ల తరబడి మార్చలేదు. అయితే 2020 మే నెలలో, రాబోయే జెన్ 3 ప్రాసెసర్లు 400 వరుస బోర్డుల మీద నడవవని, బయోస్ చిప్పులో చోటు చాలదని చెప్పింది. జనం గోల చేశారు. ఆ నెల తిరక్కుండానే చోటు దొరికింది. 2022 నాటికి అంతకన్నా పాత 300 వరుస బోర్డులకు సైతం దొరికింది. అన్నిటికన్నా నాకు నచ్చింది 2018 నాటి ఏర్పాటు. కొత్త ప్రాసెసర్ నడవాలంటే బోర్డులో బయోస్ మార్చాలి, బయోస్ మార్చాలంటే బోర్డు లేవాలి, బోర్డు లేవాలంటే పాత ప్రాసెసర్ ఉండాలి. అందుకని కంపెనీయే ఒక పాత ప్రాసెసర్‌ను అరువిచ్చి, పనయ్యాక తిరిగి పంపమంది. కొన్నవాడి మీద దయే, కాదనను. పెట్టె మీద ముందే ఒక ముక్క రాసి ఉంటే ఆ దయతో పనిపడేది కాదు.

2025 జనవరిలో ఇద్దరి ప్రాసెసర్లకూ మధ్యరకం బోర్డులు విడుదలయ్యాయి. ఏఎమ్‌డీ బోర్డు పేరు బీ850, ఇంటెల్‌ది బీ860. ఒకదాని ప్రాసెసర్ రెండోదానిలో దూరదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ల కొట్టు నడిపేవాడికి ఈ తేడా నిద్రలోనూ తెలుసు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనే విద్యార్థికి తెలియాలని ఏముంది? కొనేవాడే వాకబు చేసుకోవాలి అనేవారికి నా సమాధానం చిన్నది. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారైన నెల, సంవత్సరం వేయాలని నిబంధన ఉంది. బిస్కెట్లు కొనేవాడిని ఎవరూ వాకబు చేసుకోమనరు. ల్యాప్‌టాప్ పెట్టె మీద కూడా ఆ తేదీ ఉంటుంది, అది పెట్టె పుట్టినరోజు. కోరు మొదట ఏ ఏడాది వచ్చిందో దాని పక్కనే వేయమంటే చోటు లేదంటారేమో. రైజెన్ ఏఐ మ్యాక్స్ ప్లస్ 395 అని ఒకే ప్రాసెసర్‌కు పేరు పెట్టినవాళ్లు నాలుగంకెలకు చోటు లేదనడం బాగుండదు.