నా పన్నెండు మెట్ల మధ్య

తాత నన్ను కొన్న రోజున ఖమ్మంలో ఎండ మండిపోతోంది. మూతబడిన ఓ నాటక సమాజం సామానంతా ఒక గదిలో కుప్పగా పడి ఉంది. అట్టకిరీటాలు, జరీ ఊడిన అంగరఖాలు, నడిమికి చిరిగిన రాజదర్బారు తెర, వాటి కింద నేను. తాత మూత తీసి, ఎడమచేత్తో తిత్తి రెండుసార్లు ఊపి, నల్లమెట్టు ఒకటి నొక్కి చెవి ఆనించాడు. "దీనికింకా గొంతుంది" అన్నాడు. బేరమాడలేదు. దుప్పట్లో చుట్టి బస్సెక్కించి, కొత్తగూడెం, పాల్వంచ దాటించి, కిన్నెరసాని అవతల అడవి అంచునున్న తన ఊరికి చేర్చాడు.

నేను హార్మోనియాన్ని. ఈ ఊళ్లో ఆ పేరుతో ఎవరూ పిలవరు, పెట్టె అంటారు. టేకు ఒళ్లు, మడతలు మడతలుగా తిత్తి, లోపల వరసలు తీరిన ఇత్తడి రీడ్లు. ఆ రీడ్లు గుజరాత్‌లో పాలిటానా నుంచి వచ్చినవని నన్ను విప్పిన మేస్త్రీలు చెప్పుకునేవారు. మా వంశం ఇంకా దూరానిది. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెన్ పేటెంటు తీసుకున్నది కుర్చీలో కూర్చుని, కాళ్లతో తొక్కుతూ వాయించే బల్లంత వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కుదించి, నేల మీద పెట్టుకుని ఒక చేత్తో ఊదుతూ ఇంకో చేత్తో వాయించేలా మార్చాడు. చంకలో పట్టే సైజుకు వచ్చాం కాబట్టే భజనమఠాలకీ నాటకాల పందిళ్లకీ మేం చేరగలిగాం.

నా బతుకులో మొదటి సగం పద్యనాటకాల్లో గడిచింది. రాయబారం సీను, కాటి సీను. నటుడు రాగం సాగదీసి పద్యం ముగించగానే చీకట్లోంచి "వన్స్ మోర్" అని కేక వచ్చేది. తీర్పంటే అదొక్కటే. పద్యం ఎవరో ఎప్పుడో రాసింది, వరస ఎవరో ఎప్పుడో పెట్టింది. ఎక్కడ బాగుందో, ఎక్కడ జారిందో విడమరిచి చెప్పేవాళ్లు ఉండేవారు కాదు. కొత్త పాట పుట్టడం ఎలా ఉంటుందో తాత అరుగు మీదికి వచ్చేదాకా నేను చూడలేదు.

తాత సింగరేణిలో రిటైరైన మనిషి. భూగర్భ గనిలో, నైట్ షిఫ్టుల్లో, టబ్బులు తోసేటప్పుడు పట్టాల మీద చక్రాల చప్పుడు వినిపిస్తుంటే దానికి రాముడి మీద మాటలు కట్టేవాడట. పైకి వచ్చేసరికి సగం మరిచిపోయేవాడు. "గనిలో మరిచిపోయినవన్నీ ఇప్పుడు వెతుక్కుంటున్నా" అని నన్ను ముందు పెట్టుకుని అనేవాడు. అందుకే కొన్నాడు నన్ను.

శనివారం రాత్రి భజన అయ్యాక అందరూ లేచిపోతారు. ముగ్గురు నలుగురు మిగులుతారు. తాత, ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పే సారు, మిరప తోటల్లో కూలికి వెళ్లే అక్క, ఆ తర్వాత వచ్చి చేరిన కోయ కుర్రవాడు. ఒక్కరూ సంగీతం నేర్చుకున్నవాళ్లు కారు. ఎవరి పాటకూ ఎవరూ డబ్బివ్వరు. అయినా వారమంతా ఏదో ఒకటి కట్టి, శనివారం రాత్రి ఇక్కడ విప్పుతారు. అరుగు మీద ఒక కట్టుబాటు ఉంది. పాట విన్నాక "బాగుంది" అని ఊరుకోకూడదు. ఎక్కడ బాగుందో ఆ ముక్క తిరిగి పాడి చూపించాలి. పాడలేకపోతే ఆ ముక్క ఇంకా చెవికి అందలేదని లెక్క. ఈ పద్ధతి తాతకు భజనలోంచే వచ్చింది. వంత పాడేవాళ్లు రెండోసారికి అందుకోలేని పల్లవిని ఆయన ఎప్పుడూ ఉంచుకోలేదు.

అక్క మొదట పాడిన రాత్రి నాకు బాగా గుర్తు. తేజ మిరప కోతల కాలం. పొద్దంతా కాయ కోసి, కల్లంలో తాలుకాయ ఏరి వస్తే చేతులు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో పసిబిడ్డ మొహం ముట్టకూడదు, కళ్లు మండిపోతాయి. ఉయ్యాల తాడు పట్టుకుని దూరంగా కూర్చుని ఆమె జోలపాట కట్టుకుంది. అరుగు మీద రెండు చేతులూ ఒళ్లో తిరగేసి పెట్టుకుని పాడింది. గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా పొరలు లేచి ఉంది.

"అరచేతుల అగ్గిమంట, అమ్మప్రేమ వెన్నెలంట" అని చరణం.

సారు ప్రాస కుదిరిందన్నాడు. తాత ఒకటి రెండుసార్లు నా మీద ఆ వరస వాయించి చూసి, మొదటి ముక్క దగ్గర తిరిగి పాడాడు. రెండో ముక్క దగ్గర ఆగిపోయాడు.

"అమ్మా, అగ్గి నీదే. ఆ వెన్నెల ఎక్కడిది?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "పాటలో వెన్నెల ఉంటది కదా బాబాయ్, పెట్టిన" అంది.

"ఉయ్యాల కాడ నువ్వు ఏం చేస్తన్నవో అది చెప్పు."

రెండు వారాలకు తెచ్చింది. "చేత ముట్టలేను బిడ్డా, పాటతోనే నిమురుతున్నా." తాత తిత్తి ఆపేశాడు. సారు ఆ ముక్కను తిరిగి పాడబోయి, పాడలేక, తల ఊపాడు. కట్టుబాటు తప్పినా ఆ రాత్రి ఎవరూ పట్టించుకోలేదు. ఇన్నేళ్లలో నా రీడ్ల మీదుగా వెళ్లిన మాటల్లో నాకు అన్నిటికన్నా దగ్గరిది అదే.

సారు పాటకు మాత్రం పెద్ద గొడవే జరిగింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదని పెద్దలు చెప్పుకున్నారు. ఆ వారం సారు పునరావాస కేంద్రంలో పిల్లలకు అన్నం వడ్డించే పనిలో ఉన్నాడు. గంటగంటకూ మైకులో చెప్పే అడుగుల లెక్క ఆయన చెవిలో ఉండిపోయింది. పాటలో ఆ అంకెలు వరసగా పెట్టాడు, నలభై మూడు, నలభై ఎనిమిది, యాభై మూడు అని, నీరు ఎక్కినట్టే. పాడాక తనకే బెరుకు పుట్టి, "అంకెలు తీసేస్తాను పెద్దాయన గారూ, పాటలో లెక్కలేంటని నవ్వుతారు" అన్నాడు.

తాతకు కోపం వచ్చింది. ఆయన రామదాసును ఎత్తుకున్నాడంటే ఇక ఆపలేం. "నేలకొండపల్లి గోపన్న ఏం ఉద్యోగం చేసిండు సారూ? పాల్వంచ తహసీల్దారు. పాటలు కట్టమని తానీషా జీతమిచ్చిండా? లేదు. గుడి కట్టించి, గోల్కొండ చెరలో పడి, అక్కడ ఏం పాడిండు? ఏ నగకు ఎంత పట్టిందో రాముడికి లెక్క చెప్పిండు. సీతమ్మ పతకం కాడి నుంచి ఒక్కొక్కటీ. ఆయన బతుకంతా లెక్క రాసిన చెయ్యి. కడుపు మండితే ఆ లెక్కే పాటయింది. మీ చెవిలో అడుగుల లెక్క మోగుతుంటే దాన్ని తీసేసి ఏం పెడతరు, తామర పువ్వులా?"

చెరలో రామదాసుకు ఎదురుగా కూర్చుని ఈ చరణం సరిగ్గా కుదిరిందనో, ఇది కుదరలేదనో చెప్పిన మనిషి ఎవరున్నారు? నాకు ఆ ఊహ వస్తే బాధ కలుగుతుంది. నూరేళ్లు దాటాక తిరువయ్యారులో త్యాగరాజు తన ప్రహ్లాద భక్తి విజయంలో ఆయనకు నమస్కరించాడు. ఒక పాటగాడికి ఇంకో పాటగాడి మాట అందింది, కాని చాలా ఆలస్యంగా. ఈ అరుగు మీద ఆ మాట శనివారానికి శనివారం అందుతోంది. సారు అంకెలు ఉంచాడు. యాభై మూడు దగ్గర మాత్రం గొంతు దించమని అక్క చెప్పింది. "నీళ్లు ఇంట్లోకి వచ్చినాక ఎవరూ అరవరు సారూ, సామాను మోస్తరు" అంది. అది సారుకు తోచని సంగతి.

ఇక చెప్పాల్సింది కుర్రవాడి గురించి. నా వల్ల జరిగిన తప్పు అది.

అతను నోటుపుస్తకం మీద పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ అంటించుకుని వచ్చాడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారిది. కంచుమేళం, కంచుతాళం మీద సమ్మక్క సారలమ్మల కథ, కోయ పెద్దల కథలు గంటల తరబడి జ్ఞాపకంలోంచే పాడిన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. "ఆయన నోట్లో ఉన్నవన్నీ నాకు రావు. నాకు వచ్చినకాడికి కొత్తవి కడుతున్నా తాతా" అన్నాడు కుర్రవాడు. కోయ మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. తెల్లవారుజామున రాలిన ఇప్పపువ్వు ఏరడానికి పోయే నానమ్మ మీద పాట. ఎందుకు కట్టావని సారు అడిగితే, "మా చెల్లి హాస్టల్ నుంచి వస్తే నానమ్మతో తెలుగే మాట్లాడతది. నానమ్మకు సగం అర్థం కాదు. పాటైతే ఇద్దరూ కలిసి పాడతరని" అన్నాడు.

పాడాడు. తాత అతని శ్రుతి వెతికి నా మీద పట్టుకున్నాడు. పల్లవి రెండో పాదంలో ఒక చోట అతని గొంతు నా మెట్టు మీద కూర్చోలేదు. తాత గాంధారం నొక్కాడు. గొంతు దానికి కింద ఉంది. దాని పక్కమెట్టు నొక్కాడు. గొంతు దానికి పైన ఉంది.

"శ్రుతి తప్పుతున్నవ్ బిడ్డా. పెట్టె మీద చెవి పెట్టు."

మళ్లీ పాడాడు, మళ్లీ అంతే. నేను గట్టిగా మోగుతూనే ఉన్నాను. మూడోసారికి అతను నా మెట్టుకు తగ్గట్టు గొంతు మార్చుకున్నాడు. అందరూ ఇప్పుడు కుదిరిందన్నారు. అతను పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాతి శనివారం రాలేదు. ఆపై శనివారమూ రాలేదు.

తాతకు నిద్రపట్టలేదు. మూడో వారం నన్ను మోపెడ్ వెనక కట్టుకుని, ఎర్రమట్టి దారిలో వాళ్ల గూడేనికి బయల్దేరాడు. నానమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పాట అడిగితే సిగ్గుపడలేదు, పని ఆపలేదు, అలాగే వంగి పాడింది. కుర్రవాడి వరసకు మూలం ఆ పాటే. అదే చోట అదే స్వరం, నా రెండు మెట్లకూ మధ్య. తాత మళ్లీ పాడమన్నాడు. ఆమె మళ్లీ పాడింది. పది పన్నెండుసార్లు విన్నాడు. ప్రతిసారీ గొంతు ఆ సందులో అదే ఎత్తున నిలబడింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"తప్పయితే ఒకే చోట, ఒకే మోతాదులో ఇన్నిసార్లు పడదురా" అన్నాడు తాత కుర్రవాడితో. "ఇది మీ స్వరం. నా పెట్టెలో లేదు."

1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియోలో హార్మోనియానికి నిషేధం ఉండేదని, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే గమకం దీనికి రాదనే వాదన దానికి ఒక కారణమని నాటకాల కాలంలో నా ముందే మాట్లాడుకునేవారు. అది వింటే అప్పట్లో నాకు అన్యాయంగా తోచేది. నాటక పద్యాలకైనా, భజనకైనా నేనెంత ఆసరా ఇచ్చానో నాకు తెలుసు. ఆ వాకిట్లో మాత్రం ఆ వాదన నాకు అర్థమైంది. ఒక స్థాయికి నాకున్నవి పన్నెండు మెట్లు. ఆ ముసలమ్మ గొంతు వాటి సందున నిలబడితే నేను అక్కడికి చేరలేను.

సంగతి విన్నాక సారు ఒక దారి చెప్పాడు. రీడు కొనను గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గాంధారం రీడును మొదట్లో కాస్త గీకితే ఆ కోయ స్వరానికి దిగుతుంది కదా అన్నాడు. తాత స్క్రూ విప్పి, నా పైపలక లేపి, బ్లేడు చేతపట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఇత్తడి నాలుక మీద లాంతరు వెలుగు పడుతోంది. నేను సిద్ధంగానే ఉన్నాను. చివరికి బ్లేడు పక్కన పెట్టాడు. "ఇది దించితే అక్క జోలపాట పాడైతది. ఒకరి పాట కోసం ఇంకొకరి పాట కొయ్యలేను" అన్నాడు. సారు ఒప్పుకోలేదు, ఇంకో రీడు కొని అమర్చుకోవచ్చన్నాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

కుర్రవాడు మళ్లీ వచ్చిన రాత్రి అడవి వైపు నుంచి తడిగాలి వీస్తోంది. తాత నా షడ్జమం మెట్టు ఒక్కటే నొక్కి పట్టాడు, పక్కన ఇంకేదీ ముట్టుకోలేదు. మెల్లగా, తెగకుండా తిత్తి ఊపాడు. కుర్రవాడు నానమ్మ స్వరంలోనే పాడాడు. ఆ సందు దగ్గరికి వచ్చినప్పుడు నా ఒక్క స్వరం కింద నేలలా ఉంది, అతని గొంతు దాని మీద తనకు కావలసిన చోట అడుగు వేసింది. రెండోసారికి అక్క వంత అందుకుంది. కోయ మాట ఒక్కటీ రాదు ఆమెకు. ఆ స్వరాన్ని మాత్రం సరిగ్గా అక్కడే పట్టింది.

పాట ఆగాక ఆమె పుస్తకంలోకి తొంగిచూసింది.

"ఈ మాటకు అర్థమేంది తమ్ముడూ, రెండుసార్లు వచ్చిందే, ఇది?"

కుర్రవాడు లాంతరు దగ్గరికి జరిగి, పేజీ ఆమె వైపు తిప్పాడు.