దోచుకో, దాచుకో, దాటిపో!

పిల్లలు పాడైపోతున్నారట! గేములు పాడుచేస్తున్నాయట! ఈ బాధ వెళ్లగక్కుతున్నది ఎవరు? ఫోను చూపించనిదే ముద్ద దిగని అలవాటు ఏడాది పిల్లాడికే చేసిన అమ్మానాన్నలు. హోంవర్కంతా వాట్సాప్‌లో పడేసి, ‘ఫోను ముట్టుకోవద్దు’ అని మీటింగు పెట్టి క్లాసు పీకే బడి. మైకు ముందు యువత గురించి కుమిలిపోయే సర్కారు. ఆ సర్కారు సంగతే చూడండి. 2017 జూన్‌లో తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ మీద ఆర్డినెన్సు. అదే ఏడాది నవంబరులో గేమింగ్, యానిమేషన్ కంపెనీల కోసం రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన. ఒక చేత్తో తాళం, ఇంకో చేత్తో తాంబూలం. అబ్బబ్బ, ఏం ఆవేదన!

ఇంతకీ కుర్రాళ్లు ఆడుతున్నదేమిటి? పాత తరహా పబ్‌జీ కాదు. అందులో ఆఖరిదాకా బతికినవాడే రాజు. చస్తే మళ్లీ మొదలు, పోయేదేమీ లేదు. ఇప్పుడు ఆడుతున్న ఎక్స్‌ట్రాక్షన్ మోడ్ అలా కాదు. తుపాకీ, కవచం, మందులు, తూటాలు నీ సొంత స్టోరులోంచి తీసుకుని దిగాలి. దొరికింది బ్యాగులో కుక్కాలి. ఎదురైనవాణ్ని కాల్చి వాడి బ్యాగు ఖాళీ చేయాలి. టైము అయిపోయేలోపు బయటపడే చోటు, అదే ఎక్స్‌ట్రాక్షన్ పాయింటు, చేరాలి. చేరితే అంతా నీదే. మధ్యలో చచ్చావా, తెచ్చుకున్నదీ పోయె, దోచుకున్నదీ పోయె! కంప్యూటర్లలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది రష్యాలో పుట్టిన ‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’. ఫోన్లలోకి వచ్చేసరికి పబ్‌జీ మొబైల్‌లో మెట్రో రాయల్, టెన్సెంట్ వారి అరీనా బ్రేకౌట్, డెల్టా ఫోర్స్‌లో ఆపరేషన్స్. పేర్లు వేరు, సూత్రం ఒక్కటే. దోచుకో, దాచుకో, దాటిపో.

శంషాబాద్ విమానాశ్రయం పక్కన మంఖాల్ పారిశ్రామికవాడలో షిఫ్టు వదిలే వేళ ఒక చాయ్ హోటల్ ముందు నిలబడండి. ముగ్గురు కుర్రాళ్లు, మూడు ఫోన్లు, ఒకటే హాట్‌స్పాట్. ఒకడి స్క్రీను పగిలి, పగులు మీద సెలోటేపు. బొటనవేళ్లు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలదు. నెత్తి మీంచి విమానం పోతే ముగ్గురూ కలిసి తిడతారు. ఆ హోరులో శత్రువు అడుగుల చప్పుడు వినపడదు మరి! ‘అరేయ్, మెల్లగ పోరా, మెట్ల కాడ ఎవడో ఉన్నడు.’ ‘నా బ్యాగు నిండింది, నేను పోతున్న.’ ‘నన్ను లేపి పోరా!’ పోయాడు. లేపకుండానే పోయాడు. చాయ్ డబ్బులు ఎవరివన్న గొడవ అక్కడినుంచి మొదలైంది.

దోపిడీ నేర్పుతోందని కదా మీ ఫిర్యాదు? సరిగ్గా చూడండి. అది నేర్పుతున్నది భయం. మంచి తుపాకీ దొరికితే కుర్రాడు దాన్ని స్టోరులో దాచి, నాసిరకంతో దిగుతాడు. పోతుందేమోనని దిగులు. ఆ దిగులే కంపెనీకి పెట్టుబడి. చచ్చినా పోని పెట్టె ఒకటి తయారుచేసింది. అందులో వేసింది ఎవడూ కాజేయలేడు. అరీనా బ్రేకౌట్‌లో పెద్ద పెట్టె కావాలా? నెలకింత కట్టు. నెల దాటిందా? మళ్లీ కట్టు. దొంగల్ని వదిలేదీ తనే, తాళంకప్ప అమ్మేదీ తనే! ఆ కట్టిన దాంట్లో యాప్ దుకాణం నడిపేవాడికీ కమీషన్ ఉంది. చాలా లావాదేవీల్లో అది 30 శాతం దాకా. కుర్రాడు ఆటలో ఒకడి బ్యాగు లాగేలోపు ఆ కుర్రాడి జేబులోనే ఇద్దరు చేతులు పెట్టేశారు.

టార్కోవ్ వాళ్లయితే ఇంకా ఘనులు. దాదాపు 150 డాలర్లు పోసి పెద్ద ఎడిషన్ కొనండి, ఆ తర్వాత వచ్చే అదనపు సరుకంతా ఉచితం అన్నారు. జనం కొన్నారు. 2024 ఏప్రిల్‌లో 250 డాలర్లకు ఇంకో ఎడిషన్ తెచ్చి, కొత్త మోడ్ అందులోనే ఉందన్నారు. మరి మాకిచ్చిన మాటేమైంది అని పాతవాళ్లు నిలదీస్తే, అది అదనపు సరుకు కాదు, ‘ఫీచర్’ అని సెలవిచ్చారు! నలుదిక్కులా దుమ్మెత్తిపోశాక గానీ దిగిరాలేదు. మన మేనిఫెస్టోలు రాసేవాళ్లెవరైనా అక్కడికెళ్లి ట్యూషన్ చెప్పారా ఏమిటి?

ఇక మన దేశ కాపలా చూడండి. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ నిషేధం. దేశభద్రత! మెట్రో రాయల్ ఆ గేములోకి వచ్చింది అదే ఏడాది నవంబరులో. అంటే పుట్టకముందే దానికిక్కడ కర్మకాండ చేసేశాం. ఆడేవాళ్లు ఆగారా? వీపీఎన్ అన్న మూడక్షరాలు హైస్కూలు పిల్లలకు కంఠతా వచ్చాయి, అంతే. 2021 జూలైలో పబ్‌జీయే బీజీఎంఐ అన్న కొత్త అంగీ తొడుక్కుని వచ్చింది. 2022 జూలైలో గెంటేశారు. 2023 మేలో మళ్లీ రానిచ్చారు. ఏడాదిలోపే దేశభద్రత కుదుటపడిందా? లేక దానికీ వేసవి సెలవులుంటాయా?

ఆ బీజీఎంఐ వచ్చినప్పుడు పిల్లల రక్షణకని పెట్టిన నిబంధన వినండి. నవ్వాపుకోండి. పద్దెనిమిదేళ్లలోపువాళ్లు రోజుకు మూడు గంటలకు మించి ఆడకూడదు. రోజుకు 7,000 రూపాయలకు మించి ఖర్చుపెట్టకూడదు. రోజుకు! నెలకు లెక్కేస్తే 2,10,000. చాయ్ హోటల్ ముందు కుర్రాళ్లలో ఎవడి నాన్నకైనా ఏడాదంతా కష్టపడితే అంత మిగులుతుందా? ఇది హద్దా, ఆహ్వాన పత్రికా? పైగా తల్లిదండ్రుల అనుమతికి ఓటీపీ. ఆ నంబరు తండ్రిదో, పక్క బెంచీవాడి అన్నదో అడిగి చూసిందెవరు?

అప్పుడు చట్టం వచ్చింది. 2025 ఆగస్టు 22న ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు బంద్. మంచిదే. ఎన్ని కొంపలు కూలాక మేలుకున్నారో మీకూ తెలుసు. మరి అంతకు రెండేళ్ల ముందు, 2023 అక్టోబరు 1 నుంచి, ఆ పందేల మీదే 28 శాతం జీఎస్టీ గుంజిందెవరు? పాపంలో వాటా తీసుకున్నాకే పాపమని తెలిసిందా?

అసలు తమాషా ఇంకోటుంది. ఈ చట్టం లెక్కలో, డబ్బు గెలుస్తావని ఆశపెట్టి డబ్బు లాగితే నేరం. ఆ ఆశే లేకుండా, ఉత్త పెట్టెకీ తుపాకీ రంగుకీ లాగితే వినోదం. వందకు వెయ్యి వస్తుందని రమ్మీవాడు అబద్ధమాడాడు, పట్టుకుపొండి! వందకు సున్నా వస్తుందని ఈ పెట్టెలవాడు నిజం చెప్పాడు, దండ వేయండి!

సరే, ఆట దోపిడీయే నేర్పుతోందనుకుందాం. మంఖాల్ కుర్రాడికి ఆ విషయంలో కొత్తగా నేర్చుకునేందుకు ఏం మిగిలింది? అరీనా బ్రేకౌట్‌లో కొత్తవాడు మొదట దిగేది పొలం మ్యాపులో. వీళ్ల తాతలూ ఆ మ్యాపులోనే బతికారు. 2008 మార్చిలో పక్కనే విమానాశ్రయం తెరుచుకుంది. దాదాపు అయిదున్నర వేల ఎకరాల మ్యాపు. చుట్టుపక్కల రైతు ఎకరాల్లో అమ్మాడు. కొన్నవాడు గజాల్లో అమ్మాడు. బ్యాగు ఎవరిది నిండిందో గేము తెలియనివాడు కూడా చెబుతాడు.

2006లో మంఖాల్ ఉన్న మహేశ్వరం మండలంలోనే, రావిర్యాలలో, ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా వస్తోంది, 300 కోట్ల డాలర్లు వస్తున్నాయి, చిప్‌లు ఇక్కడే చేసేస్తాం అన్నారు. నేల వెళ్లింది. చిప్ రాలేదు. ఇవాళ ఆ పగిలిన ఫోనులో ఉన్న చిప్ ఏ దేశానిదైనా కావచ్చు, రావిర్యాలది మాత్రం కాదు. తర్వాత కందుకూరు, యాచారం వైపు ఫార్మా సిటీ పేరిట భూములు తీసుకున్నారు. గద్దె మీది పార్టీ మారింది. ఇప్పుడదే దిక్కున ఫ్యూచర్ సిటీ. 2025 సెప్టెంబరు 28న మీర్‌ఖాన్‌పేటలో శంకుస్థాపన. మ్యాపు పేరు మారింది. దిగే టీమూ మారింది. పోగొట్టుకునేవాడు మాత్రం పాతవాడే. వాణ్ని లేపి పొమ్మంటే ఎవడు ఆగాడు?

ఎక్స్‌ట్రాక్షన్ పాయింటా? అదీ ఊరి పక్కనే. అప్పు తెచ్చి, ఏజెంటుకో కన్సల్టెన్సీకో కట్టి, గల్ఫుకో అమెరికాకో దాటేవాళ్లంతా శంషాబాద్ గేటు దగ్గరే లైను కడతారు. కొన్ని గేముల్లో కొన్ని దారులు డబ్బు కడితేనే తెరుచుకుంటాయి. ఇక్కడా అంతే. 2022 ఏప్రిల్ నుంచి దేశంలో తిరిగే ప్రయాణికుడి మీదే యూజర్ ఫీజు 281 రూపాయల నుంచి 480కి ఎక్కింది. ఎవరు ఎవర్ని చూసి కాపీ కొట్టారో!

ఒక్క తేడా ఉంది. చస్తే అంతా పోతుందని గేమువాడు దిగేముందే చెబుతాడు. ఇక్కడ సంతకం పెట్టాక చెబుతారు.

అందుకని ఉపన్యాసాలు కట్టిపెట్టండి. మైనరు ఖర్చుకు హద్దు పెట్టాలంటే వేలల్లో కాదు, సున్నా పెట్టండి. ఓటీపీ ఎవరి చేతికి పోతోందో కంపెనీ చేతే రుజువు చేయించండి. భయపెట్టి నెలనెలా పెట్టెలమ్మే వ్యాపారాన్ని కూడా చట్టం ముందు నిలబెట్టండి. షిఫ్టు దిగిన కుర్రాడికి చాయ్ హోటల్ కాక కూర్చునేందుకు ఇంకో చోటు చూపించండి. ఇవేవీ చేతకావా? అయితే వాడి ఫోను లాక్కునే ముందు మీ బ్యాగులు తెచ్చి బల్ల మీద బోర్లించండి. లెక్క కట్టడానికి కమిటీలక్కర్లేదు. ఏ లూటు ఎంత ధర పలుకుతుందో వాడికి నోటికి వచ్చు.