ఎందులో పెట్టినావు?

మా బావది బెంగళూరులో డేటాబేస్ ఉద్యోగం. పండక్కి అనంతపురం వచ్చినా ఆ ఉద్యోగాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయట విడవడు. "అంగట్లో శెనగనూనె ఎంతో కనుక్కోండి" అని అక్క అంటే, "కనుక్కుంటా. జవాబు ఎందులో పెట్టాల?" అంటాడు. ఇట్లాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకడుంటాడు. మీ గోడు నాకు తెలుసు.

ఊరికే అడిగేసి పోవడం ఆయన దృష్టిలో మహాపాపం. పోస్ట్‌గ్రెస్‌లో ట్రిగ్గర్ ఫంక్షన్ లోపల ఉత్త సెలెక్ట్ రాస్తే, ఫలితం ఎక్కడ పెట్టాలో చెప్పలేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇంటూ అని ఒక వేరియబుల్ పేరు చెప్పాలి. శెనక్కాయలు ఒలుస్తున్న మా జేజికి కూడా ఇది చెప్పాడు: "జేజీ, విత్తనాలు చాటలో వేస్తాండావే, ఆ చాటే వేరియబుల్."

"చాటను చాట అంటే ఏం పోతుంది నాయనా?" అంది జేజి.

ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే సీమ మాది. అదను దాటిపోతోందని పక్కింటి పెద్దాయన దిగులుపడుతుంటే బావ ఆయన్నీ వదల్లేదు. కొలిచి చూసి వాన లేదంటే సున్నా, అసలు కొలవకపోతే నల్, రెండూ ఒకటి కాదు, అన్నాడు. పెద్దాయన ఓపిగ్గా విని, "యాదైనా విత్తనం మొలవదు గదప్పా" అని లేచిపోయాడు.

అయినా మా నాయన మండీకి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చింది ఈ బావే, పైసా తీసుకోకుండా. బస్తా తూకం ఎక్కించగానే, ఆ వరుస పట్టికలో చేరకముందే ట్రిగ్గర్ లేస్తుంది. ఆ రోజు రేటు వెతికి వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. తూకంతో హెచ్చవేసి, న్యూ అనే కొత్త వరుసలో మొత్తం నింపి రిటర్న్ చేస్తుంది. రెండేళ్లు పిసరు తేడా రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రేటు పెరిగింది. అదే తేదీ కింద రెండో రేటు ఎక్కించాను. వేరియబుల్ ముందొచ్చిన వరుసను పట్టుకుని రెండోదాన్ని చప్పుడు చేయకుండా వదిలేసింది. మధ్యాహ్నం వచ్చిన రైతులకూ పొద్దుటి రేటే పడింది. ఇంటూ పక్కన స్ట్రిక్ట్ అని ఉంటే, రెండు వరుసలు కనబడగానే కేకపెట్టి ఆగేది. లోకానికంతా పాఠం చెప్పే మనిషి ఆ ఒక్క మాట రాయలేదు!

ఫోన్ చేసి దులిపేశాను. "రోజుకు ఒకటే రేటని నువ్వే గదా చెప్పినావు బామ్మర్దీ" అన్నాడు.

చెప్పిన మాట నిజమే. అప్పట్లో నాయనను అడిగితే, "ఒకటే... బయట మార్కెట్ మారితే తప్ప" అన్నాడు. నేను ముందు ముక్క పట్టుకుని వచ్చేశాను.

ఆదివారం బావ వచ్చి, రేట్ల పట్టికలో టైము కూడా చేర్చి, స్ట్రిక్ట్ తగిలించి, ఓళిగలు తిని పోయాడు. నేను ఏడుగురు రైతులకు తేడా డబ్బు ఇచ్చుకున్నాను. ఆ లెక్క ఎందులో పెట్టినావని పోతూ పోతూ అడిగాడు.

గల్లాపెట్టె కింద నోటుపుస్తకంలో.