దిగే దారి

పైనుంచి చూస్తే అది పచ్చిక బయలే. గడ్డి కింద రాయి ఉందో, రొచ్చు ఉందో చక్రం ఆనేదాకా తెలియదు.

1937 అక్టోబర్ 9. వెనిజులాలో ఔయాన్‌టెపుయ్ అనే కొండ. చుట్టూ గోడ కట్టినట్టు నిలువు బండ, పైన మైళ్ల పొడవునా బల్లపరుపు. అమెరికన్ పైలట్ జిమ్మీ ఏంజెల్ తన చిన్న విమానాన్ని ఆ బల్ల మీద దించాడు. లోపల భార్య మేరీ, మరో ఇద్దరు. విమానం పేరు రియో కరోనీ, ఆ ప్రాంతపు నది పేరే. నాలుగేళ్ల కిందట ఈ కొండ అంచు నుంచే ఒక నీటిధార కిందికి దూకడం అతను గాలిలోంచి చూశాడు. 979 మీటర్లు. లోకంలో అంతకు మించిన ఎత్తున్న జలపాతం లేదు. అతనికి కావలసింది మాత్రం బంగారం. కొండ మీది వాగుల్లో అది ఉందని గట్టిగా నమ్మాడు.

చక్రాలు నేలను తాకాయి. అంతలో బురద వాటిని పట్టేసింది. అప్పటి చిన్న విమానాలకు రెండు పెద్ద చక్రాలు ముందు, చిన్నది తోక కింద ఉండేవి. ముందరివి టక్కున ఆగితే బరువంతా ముందుకు తూలి, తోక లేచి, ముక్కు నేలకు గుచ్చుకుంటుంది. అదే జరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విమానం మాత్రం మళ్లీ లేవలేదు. బంగారమూ దొరకలేదు.

ఇక కాలినడకే. బండలు, గండ్లు, చిత్తడి దాటుకుంటూ కమరాటా ఊరు చేరడానికి 11 రోజులు పట్టింది. నలుగురిలో ఒకడైన గుస్తావో హెనీ అంతకుముందే కొండ దక్షిణం వైపంతా తిరిగి చూసి ఉండబట్టి బతికారు. ఈ కథలో నాకు అందరికంటే ఎత్తుగా కనిపించేది అతనే. పైకి ఎగరకముందే కిందికి దారి వెతికిన మనిషి.

అలా మనుషులు దిగివచ్చారు. విమానం కొండ మీదే ఉండిపోయింది.

జలపాతానికి ఏంజెల్ పేరు స్థిరపడింది. అక్కడి పెమోన్ జనం దాన్ని కెరెపకుపాయ్ మెరూ అని పిలుచుకుంటారు; ఆ పేరునూ గుర్తుపెట్టుకోవాలి.

1956 ఏప్రిల్‌లో ఏంజెల్ పనామాలోని డేవిడ్ పట్టణంలో దిగుతున్నాడు. అక్కడ కొండ లేదు, గడ్డి చాటున రొచ్చు లేదు. అయినా దించడంలో ప్రమాదం జరిగి తలకు దెబ్బ తగిలింది. కోలుకోలేదు. డిసెంబర్ 8న పోయాడు.

అతను కోరుకున్నట్టే 1960 జూలైలో మేరీ, కొడుకులిద్దరూ చితాభస్మాన్ని తీసుకెళ్లి జలపాతం మీద చల్లారు. వాళ్ల వెంట హెనీ కూడా ఉన్నాడు.

మరో పదేళ్లకు, 1970లో, వెనిజులా వైమానిక దళం హెలికాప్టర్లతో వచ్చి రియో కరోనీని కొండ మీంచి దించింది. ఇప్పుడది సియుదాద్ బొలివార్ విమానాశ్రయం ముందు నిలబడి ఉంది.

ఏంజెల్ మాత్రం ఆ జలపాతం దగ్గరే ఉండిపోయాడు.