గట్టు మీద ముగ్గురం

కాలువ గట్టు మీద నడకకు ముగ్గురుండాలి. ఒక్కడే నడిస్తే ఇంట్లో గొడవలన్నీ వెంటబడి వస్తాయి. ఇద్దరైతే మాటల్లో పడి కాళ్ళు ఆగిపోతాయి. మూడోది కుక్కయితే అది ఎవర్నీ ఆగనివ్వదు. మా ఇద్దరికీ నల్లోడు తోడు.

మాది కోనసీమలో వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉన్న దీవి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీళ్ళు, గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి మా చేలకు చేరతాయి. గోదావరి నీళ్ళు గోదావరి పాయ మీదుగానే నడిచి రావడం! బళ్ళో పిల్లలకు ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ముందు నాకే ఒళ్ళు పులకరించేది. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు అన్నీ పడవల మీదే వెళ్ళేవి. గాలి లేకపోతే పడవకు తాడు కట్టి, మనుషులు ఈ గట్టు వెంటే లాక్కుంటూ పోయేవారు. పడవలు నీటి మట్టం ఎక్కిదిగడానికి కట్టినవే ఈ కాలువ మీది లాకులు. అంతమంది పాదాలు పడ్డ దారి కనకనేమో, దాని మీద అడుగు పెడితే కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

మావాడు ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఊరంతా లస్కరుగారనే పిలుస్తుంది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం కనక నేనొక్కణ్ణే ‘ఒరే’ అంటాను. ఉద్యోగం అయిపోయినా వాడి కళ్ళు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. గట్టు వారన ఎండ్రకాయ బొరియ కనిపిస్తే చాలు, మట్టి కూరి మడమతో అదిమి తొక్కందే కదలడు. “నీళ్ళెక్కువొస్తే గండి ఇక్కణ్ణుంచేరా మొదలయ్యేది” అంటాడు. తూము దగ్గర మట్టం చూసి, పైన ఎక్కడో షట్టరు దించారని ఇట్టే చెబుతాడు. గుర్రపుడెక్క పేరుకున్న చోట నిలబడి, దాన్ని తియ్యనివాళ్ళని కడుపు మండి తిడతాడు. ఒక కాలువని మనిషి ఇంతగా ప్రేమించగలడని వాడి పక్కన నడిచాకే నాకు తెలిసింది.

నల్లోడు ఎవరి కుక్కా కాదు. రేవు దగ్గర పుట్టాడు, మా వెనక పడ్డాడు. మేం ఒక మైలు నడిస్తే వాడు మూడు మైళ్ళు తిరుగుతాడు. ముందుకి ఉరుకుతాడు, మళ్ళీ వెనక్కొచ్చి ఇద్దరం ఉన్నామో లేదో చూసుకుని పోతాడు. తీగ మీంచి లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకితే తనూ దూకబోయి అంచున ఆగుతాడు. రాత్రి ఈ దారిన నక్క పోయిందో ముంగిస పోయిందో వాడి ముక్కుకు తెలుసు. ఆ సంగతంతా వాడు తీరిగ్గా విచారించుకునేదాకా మేం కొబ్బరిచెట్టుకు ఆనుకుని నిలబడతాం. ఆ నిలబడడంలోనే మా చిన్ననాటి కబుర్లు సగం అయ్యాయి.

అన్నిట్లోకీ ధనుర్మాసం నడక గొప్పది. మంచులో కొబ్బరిచెట్లకు మొదళ్ళే ఉంటాయి, తలలుండవు. ఏ గుళ్ళోంచో మైకులో తిరుప్పావై వినబడుతూ ఉంటుంది. కోతలైన చేలల్లో కుప్పలు, ఆ పక్కనే దాళ్వా నారుమళ్ళు, లేత పచ్చగా. రేవుల్లో బిందెలు తోముతున్న చప్పుడు. కాసేపటికి ఎండ పొర ఒకటి నీళ్ళ మీద పరుచుకోగానే కొంగలు ఒక్కొక్కటే బయటపడతాయి. ఆ గంటసేపూ నాకు బీపీ లేదు, ఖాళీ ఇల్లు లేదు, రాత్రి నిద్రపట్టకపోవడం లేదు.

మా ఆవిడ పోయినప్పుడు నేను మంచం దిగలేదు. కార్యక్రమాలన్నీ అయ్యాక మా అబ్బాయి డల్లాస్ వెళ్ళిపోయిన వారానికి, తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. చేతికర్రతో లస్కరు, వాడి వెనక నల్లోడు. “లేవరా, గట్టు చూసొద్దాం” అన్నాడు. ఆ తరవాత వానకీ ఆగలేదు, చలికీ ఆగలేదు. లాకు దగ్గరకు చేరగానే నన్నూ నల్లోణ్ణీ పక్కపక్కన నిలబెట్టి ఫోన్లో ఫోటో తీస్తాడు. “రోజూ ఎందుకురా?” అంటే, “మొహంలో కళ రోజూ ఒకేలా ఉంటుందేంట్రా” అనేవాడు. ఆ మాట నాకెంతో బాగుండేది.

పోయిన ఆదివారం ఒక్కటీ నడక తప్పింది. తెల్లారేసరికి నాకు ఒళ్ళు కాలిపోతోంది. వచ్చినవాడు వచ్చినట్టు వెళ్ళిపోలేదు. జావ కాచి తాగించాడు. నుదుటి మీద తడిగుడ్డ మార్చి మార్చి వేశాడు. రాత్రి జ్వరం దిగేదాకా మంచం పక్క కుర్చీలోనే ఉన్నాడు. నల్లోడూ గుమ్మం వదల్లేదు. “అబ్బాయికి ఫోన్ చెయ్యనా?” అన్నాడు. “వద్దురా, అంతదూరంలో కంగారుపడతాడు. నాకిలా అయిందని వాడికి తెలియనే కూడదు” అన్నాను. “తెలియదులే, పడుకో” అన్నాడు.

ఇవాళ మళ్ళీ గట్టెక్కాం. లాకు దగ్గర ఫోటో అయింది. ఎలా వచ్చానో చూసుకోమని ఫోను నా చేతికిచ్చాడు. ఇంతలో నల్లోడు కుంటుతూ వచ్చాడు, కాల్లో తుమ్మముల్లు. లస్కరు గొంతుక్కూర్చుని, వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతుల గోళ్ళతో ముల్లు లాగుతున్నాడు. నా చేతిలో ఫోను టింగుమంది.

“మా అమ్మాయే అయ్యుంటుంది. మనవడి మాటలు రికార్డు చేసి పంపుతుంది. నొక్కరా, ముగ్గురం విందాం” అన్నాడు తలెత్తకుండా.

నడకకు కళ్ళజోడు తెచ్చుకోను. పేరు కనిపించలేదు, ఆకుపచ్చ గుండ్రం ఒకటి కనిపిస్తే నొక్కాను. వినిపించింది మా అబ్బాయి గొంతు.

“బాబాయ్‌గారూ, ఈ నెల డబ్బులు మీ అకౌంట్లో వేశాను, చూసుకోండి. కుక్క బిస్కెట్లకు కూడా కలిపే వేశాను. ఫోటోల్లో నాన్న బాగా తేరుకున్నట్టు కనిపిస్తున్నారు, చాలా సంతోషం. మన సంగతి మాత్రం ఆయనకు తెలియనివ్వకండి. అన్నట్టు, పోయిన ఆదివారం ఫోటో రాలేదు. ఆ రోజు మీరు నాన్న దగ్గరకు వెళ్ళినట్టు లేరు కదా, అందుకని ఆ ఒక్క రోజుదీ తగ్గించాను.”