ప్రమోషన్ రాని వాయుగుండం

బంగాళాఖాతం ఖాళీగా ఉంది. వేటకెళ్లే వాళ్లకు ఇది శుభవార్త, టీవీ చానళ్లకు కరువు. ఎక్కడో అండమాన్ అవతల ఉపరితల ఆవర్తనం కనిపిస్తే చాలు, దానికి ఎర్రరంగు పూసి, గిరగిరా తిప్పి, ‘పొంచి ఉన్న ముప్పు’ అంటూ రాత్రి దాకా లాక్కొస్తున్నారు. మా కొండపల్లిలోనూ నిపుణులకు లోటు లేదు. టీ కొట్టు దగ్గర ఫోన్లు తీసి అమెరికా మోడల్ గొప్పా, యూరప్ మోడల్ గొప్పా అని తగువులాడుకుంటారు. మొన్న ఒకాయన మబ్బు పట్టిందని గొడుగు కూడా విప్పాడు. అది ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఆవిరి.

నిజానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుపాన్లకు దాదాపు సెలవులే. కింద నైరుతి గాలులు ఒక దిక్కుకి, పైన తూర్పు గాలులు మరో దిక్కుకి లాగుతుంటే ఎదగబోయే గుండానికి తల ఒకచోట, మొండెం ఒకచోట. దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన 1977 నవంబరు 19న. మొన్నటి మిచౌంగ్ డిసెంబరు, మొంథా అక్టోబరు.

పైగా తుపాను అనిపించుకోవడం మాటలా? సర్కారు కొలువులో లాగే మెట్లున్నాయి. అల్పపీడనంగా చేరాలి. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, ఆపైన తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పేరు అప్పుడే. 13 దేశాలు కూర్చుని 2020లోనే 169 పేర్లు రాసిపెట్టాయి, బిడ్డ పుట్టకముందే బారసాల. పేరొచ్చిందా, ఇక సమీక్షలు, కంట్రోల్ రూములు, రైళ్ల రద్దు! 2021 డిసెంబరులో సౌదీ అరేబియా పేరు పెట్టిన జవాద్‌కు ఈ మర్యాదలన్నీ జరిగాయి. ఆయనగారు గట్టెక్కకుండానే నీరసించి, సముద్రంలోనే హోదా పోగొట్టుకున్నారు.

2024 ఆగస్టు ఆఖరున వచ్చింది మాత్రం ఉత్త వాయుగుండం. సెలవుల్లో వచ్చింది, ప్రమోషన్ లేదు, పేరు లేదు. తీరం దాటింది కూడా ఎక్కడో కళింగపట్నం దగ్గర. అది కుమ్మరించిన వాన మైలవరం కొండల మీంచి బుడమేరు వాగులోకి దిగింది. కవులూరు దగ్గర మళ్లింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. కృష్ణలో కలుద్దామంటే, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణమ్మ ‘చోటు లేదు, పో’ అంది. బుడమేరు నేరుగా బెజవాడ సింగ్‌నగర్‌లోకి నడిచొచ్చి, రోజుల తరబడి మకాం పెట్టింది.

ఇప్పుడు బందరులో రాడార్ తిరుగుతోంది, విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం కన్నార్పడం లేదు. బుడమేరులో గుర్రపుడెక్క ఎంత పెరిగిందో చూసే ఉపగ్రహం మాత్రం ఇంకా ఎగరలేదు. ఏరు పారాల్సిన చోట లేచిన ఇళ్లకు మటుకు నగర్లనీ, కాలనీలనీ చక్కటి పేర్లున్నాయి. వాటికోసం 13 దేశాలు కూర్చోవాల్సిన పని పడలేదు.